భూమి ప్రెషర్ కుక్కరు కాదు

కాలిఫోర్నియాలోని శాన్ రమోన్‌లో తెలుగువారి ఇళ్ళకు కొదవ లేదు. 2025 నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ భూమి పదే పదే వణికినప్పుడు, ఆ ఊరి మిత్రులలో ఎవరిని పలకరించినా ఒకటే మాట: "చిన్నచిన్నవి వస్తేనే మంచిదండీ, ఒత్తిడి పోతుంది. కుక్కరు విజిలు వేసినట్టు!" ఉపమానం ముచ్చటగానే ఉంది. కాని నాకది ప్రమాదకరమైన మాటగా తోస్తోంది.

పెద్ద కంపమంటూ ఒకటి లేకుండా, రోజులూ వారాలూ తెరిపి ఇవ్వక వచ్చే చిరుకంపాలను 'ముసురు' అనవచ్చుననుకుంటాను. ఈగలకూ వానకూ వాడే మాటే. రెండర్థాలూ ఇక్కడ అతుకుతాయి. శాన్ రమోన్ లోయకు ఈ ముసురు కొత్త కాదు. 1970, 1990, 2002, 2003, 2015, 2018లలో పట్టింది. 2015లోనైతే నెల పైచిలుకు రోజుల్లో ఆరు వందలకు మించి నమోదయ్యాయి. ఆ లోయ గుండా కాలవేరస్ భ్రంశరేఖ పోతుంది. దానికి ఇరువైపులా ఉన్న నేల పైకీ కిందికీ కాక, ఒరుసుకుంటూ పక్కకు జరుగుతుంది. ఆ కదలిక ఉత్తరాన ఉన్న కాంకర్డ్ భ్రంశానికి బదిలీ అయ్యే చోట నేల చిన్నచిన్న అడ్డపగుళ్ళుగా చీలి ఉంది. ఆ పగుళ్ళలో ద్రవాలు కదలడమూ ముసురుకు కారణం కావచ్చునని శాస్త్రజ్ఞులంటారు.

ఇక కుక్కరు సంగతి. పరిమాణం ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. అంటే, 7 పరిమాణం గల ఒక్క భూకంపపు శక్తి చిన్నవాటి రూపంలో ఖర్చు కావాలంటే, 4 పరిమాణం గలవి ముప్పై వేలకు పైగా రావాలి. ఆరు వందల చిరుకంపాలు, అందులోనూ అధికభాగం మనిషికి తెలియనే తెలియనివి, ఏ మూలకు?

మాటే కదా, నష్టమేమిటంటారా? ఇటలీలోని లాక్విలాలో, అక్కడి భ్రంశం వేరే తరహాది గాని, 2009లో నెలల తరబడి ముసురు పట్టింది. శక్తి విడుదలవుతోంది కనుక అపాయం లేదని ఒక అధికారి ధైర్యం చెప్పాడు. ఏప్రిల్ 6 వేకువన వచ్చిన భూకంపంలో మూడు వందల మందికి పైగా మరణించారు. భూమి కదిలితే ఆ రాత్రి ఆరుబయట గడపడం అక్కడివారి పాత అలవాటు. ఆ భరోసా విని ఇంట్లోనే ఉండిపోయామని బ్రతికినవారు కోర్టులో వాపోయారు.

అలాగని ముసురు పట్టినప్పుడల్లా హడలిపోనక్కరలేదు. శాన్ రమోన్‌లో ఇదివరకటి ముసురు ఏదీ పెద్ద భూకంపానికి దారి తీయలేదు. నాకు నచ్చిన పద్ధతి 2016 సెప్టెంబరులో కనిపించింది. శాన్ ఆండ్రియాస్ భ్రంశం దక్షిణపు కొసన, సాల్టన్ సరస్సు వద్ద ముసురు పట్టగా, రానున్న వారంలో 7 లేదా అంతకు మించినది వచ్చే అవకాశం 0.03 నుండి 1 శాతమని ప్రజలకు అంకెతో సహా చెప్పారు. శాన్ బెర్నార్డినోలో నగర కార్యాలయాన్ని రెండు రోజులు మూసివేశారు కూడా. ఏమీ రాలేదు. అయినా ఆ చెప్పడమే సరైనదని నా అభిప్రాయం. ఒక శాతాన్ని సున్నాగా మార్చి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కాలవేరస్ మీద 2014-2043 మధ్య 6.7 లేదా అంతకు మించినది వచ్చే అవకాశం 26 శాతమని 2016లో ప్రకటించిన అంచనా. దీనికి ముసురుతో పని లేదు. కుక్కరు మాట చెప్పిన మిత్రుని పడకగదిలో, సరిగ్గా తలాపున, ఆరడుగుల పుస్తకాల బీరువా ఉంది. గోడకు బిగించలేదు. అందులో సగం పుస్తకాలు నేనిచ్చినవే.