గ్యాసు కంపెనీలు – గ్రామస్థుల అర్జీలు



గ్యాసు కంపెనీలు తాము పనిచేయు గ్రామములలో బడులకు బల్లలు, ఆసుపత్రులకు మంచములు, బాలికలకు సైకిళ్ళు ఇచ్చుచున్న ఛాయాచిత్రములు తరచుగా పత్రికలలో చూచుచున్నాము. ఇది మంచి పనియే, కాదనువాడను కాను. కాని కంపెనీకిని గ్రామమునకును గల సంబంధము ఈ దానములతో తీరిపోవునా అను విషయమై నాకు తోచిన నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా పాఠకుల ముందుంచగోరుచున్నాను.

నేను మహారాష్ట్రములోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ వాసిని. మా తండ్రిగారు కోనసీమ నుండి బ్రతుకుతెరువు కొరకు ఇక్కడి కాగితపు మిల్లుకు వచ్చిరి. నేను మెట్రిక్ ప్యాసై ఒక ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి రిటైరయితిని. మా అక్కగారిని మేనరికమునకు ఇచ్చి తిరిగి కోనసీమకే పంపిరి. అందుచేత నాకు ఒక కాలు బొగ్గు ఊరిలోను, ఒక కాలు గ్యాసు ఊరిలోను ఉన్నది.

కోనసీమవారికి గ్యాసు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. త్రవ్వుచున్న బావి బ్రద్దలై, మంట 65 దినములు ఆరలేదు. చుట్టుప్రక్కల ప్రజలు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. అటుపిమ్మట 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలము నగరము గ్రామములో గెయిల్ సంస్థ గొట్టము పగిలి, గ్యాసు వ్యాపించి అంటుకొన్నది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కాలిపోయిరి. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. గ్యాసు వాసన వచ్చుచున్నదని గ్రామస్థులు ముందే చెప్పియుండిరని నాటి పత్రికలలో వచ్చినది. పొడి గ్యాసు కొరకు వేసిన గొట్టములో నీరు, ఇతర ద్రవములు కలిసిన తడి గ్యాసు పంపుటచే లోపల తుప్పుపట్టినదని తరువాతి విచారణలో తేలినది. ఆ తుప్పు ఒక్క దినములో పట్టినది కాదు.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. లాభములు గల పెద్ద కంపెనీలు గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో నూటికి రెండు వంతులు సంఘసేవకు వెచ్చింపవలెనని 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను చెప్పుచున్నది. ఆ నిబంధన 2014 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. తాము పనిచేయు ప్రాంతమునకు మొదటి స్థానమీయవలెనని కూడ అందులో ఉన్నది. అది అమలయిన తరువాత మూడు మాసములైనను నిండకుండగనే నగరము దుర్ఘటన జరిగినది. సేవ వేరు, భద్రత వేరు అనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

పైగా కంపెనీ తన వ్యాపారములో భాగముగా చేయవలసిన పనులను, ఇతర చట్టముల ప్రకారము చేసి తీరవలసిన పనులను ఈ సేవాఖాతాలో వ్రాసుకొనరాదని నిబంధనలే చెప్పుచున్నవి. ఇది న్యాయమే. గొట్టము బాగుచేయుట దానము కాదు, విధి. అయితే దీనివలన ఒక చిక్కు వచ్చినది. గ్రామమునకు అన్నిటికన్న ముఖ్యమైన పనికి ప్రారంభోత్సవము లేదు, శిలాఫలకము లేదు, ఛాయాచిత్రము లేదు. అందుచేత సేవ అందరి కంటికి కనబడుచున్నది, విధి కనబడుట లేదు. చేసినారో లేదో అడుగువాడును లేడు.

భూమి సంగతి చూడుడు. 1962 నాటి పెట్రోలియము గొట్టముల చట్టము ప్రకారము భూమి రైతుదే. అందులో గొట్టము వేసికొను హక్కు మాత్రము కంపెనీది. నోటిఫికేషను వచ్చిన 21 దినములలో ఆక్షేపణ చెప్పుకొనవలెను. పంటకు, చెట్లకు కలిగిన నష్టముగాక, భూమి విలువలో నూటికి పదివంతులు పరిహారముగా ఇత్తురు. ఆ పిమ్మట ఆ మేర రైతు ఇల్లు కట్టరాదు, బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. కొబ్బరిచెట్టు పెద్దకొడుకుతో సమానమని చెప్పుకొను సీమలో ఇది చిన్న మాట కాదు. డబ్బు ఒక్క పర్యాయమే ముట్టును. గొట్టము మాత్రము తరతరములు ప్రక్కనే ఉండును. ఇంతటి ఇరుగుపొరుగు బంధమును ఏడాదికొకసారి పుస్తకముల సంచులు పంచి నిలుపుకొనుట సాధ్యమా?

మా బొగ్గు ఊళ్ళకు ఒక్క వసతి కలదు. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లాకొక ఖనిజ నిధి ఏర్పరచిరి. పాత లీజులవారు రాయల్టీలో 30 శాతమునకు సమానమైన సొమ్ము ఆ జిల్లాలోని గని బాధితుల కొరకు విడిగా చెల్లింపవలెను. ఆ నిధి ఖర్చు ఎల్లప్పుడు సవ్యముగా జరుగుచున్నదని నేననను. కాని అడుగుటకు ఒక లెక్క ఉన్నది. గ్యాసు, చమురు ఆ చట్టములోనికి రావు. వాటి రాయల్టీ ప్రభుత్వ ఖజానాకు పోవును గాని, బావి ఉన్న జిల్లాకని విడిగా ఒక పెట్టె లేదు. కోనసీమకు కంపెనీ దయయే మిగిలినది.

ఈ సంవత్సరము సంక్రాంతికి మా అక్కగారింటికి పోయితిని. వారి తోటలో కూడ ఒక గొట్టము పోవుచున్నది. అది ఏ కంపెనీదో ఇక్కడ వ్రాయను. హెచ్చరిక స్తంభముపై ఫోను నంబరు ఎండకు వెలిసి, చివరి రెండంకెలు కనబడుట లేదు. దీపావళి దినములలో వాసన వచ్చినదట. మా మేనల్లుడు ఎవరినో పట్టుకొని చెప్పగా నాలుగు దినములకు ఒక మనిషి వచ్చి, చూచి, ఏమియు లేదని పోయినాడు. మా అక్కగారు నాతో అన్న మాట ఇది: “ఒరే తమ్ముడూ, ఏమీ లేదనే అనుకుందాం. ఆ మాట కాగితం మీద రాసిచ్చి సంతకం పెడితే నాకు నిద్ర పట్టేది కదరా.”

ఆ మాట విని నేను తలవంచుకొంటిని. కారణము చెప్పెదను. నేను ఉద్యోగములో ఉన్నప్పుడు ఒక వితంతువు మా కార్యాలయమునకు అర్జీ తెచ్చినది. దగ్గరలోని ఒక గనిలో పేల్చు మందుగుండుకు తన ఇంటిగోడ నెరలు విచ్చినదని దాని సారాంశము. నేను ఆవక్ రిజిస్టరులో నంబరు వేసి, అది మా శాఖకు సంబంధించినది కాదని నాకు నేనే తీర్మానించుకొని, కట్టలో పెట్టితిని. సంబంధించిన శాఖకు పంపియుండవలెను, పంపలేదు. ఆమె మూడు పర్యాయములు వచ్చినది. మూడు పర్యాయములును “విచారణలో ఉన్నది” అంటిని. విచారణ ఏదియు లేదు. ఆ వానకాలములో గోడ కూలినది. ఆమె ఆ సమయమున బయట ఉండుటచే బ్రతికినది. నన్నెవరును సంజాయిషీ అడుగలేదు. కాగితము నా బల్లపైనే ఆగినదని నాకు తప్ప మరొకరికి తెలియదు. నేడు తెలుపుచున్నాను.

కనుక అర్జీ ఎట్లు చచ్చునో తెలిసినవాడనుగా కంపెనీలకును, ప్రభుత్వమునకును ఈ క్రింది మనవి చేయుచున్నాను. వాసన, తేమ, తుప్పు అని ఎవరు చెప్పినను ఆ ఫిర్యాదుకు నంబరు వేసి రశీదు ఈయవలెను. ఎవరు వచ్చి చూచిరో, ఏమి కనుగొనిరో తెలుగులో వ్రాసి, సంతకము చేసి, ఇన్ని దినములలోపల అని గడువు పెట్టి ఇంటికి పంపవలెను. ఆ ఫిర్యాదుల పట్టికను గ్రామసభలో చదివి వినిపింపవలెను. గొట్టము వయస్సు, కడపటి పరీక్ష తేదీ, దాని ఫలితము పంచాయతీ కార్యాలయపు గోడపై ఉండవలెను. ప్రమాద సమయములో ఏమి చేయవలెనో అధికారులు తమలో తాము అభ్యాసము చేసికొనుట చాలదు. పొయ్యి వెలిగింపరాదు, స్విచ్చి ముట్టరాదు, బండి స్టార్టు చేయరాదు, గాలికి ఎదురుగా ప్రక్కకు నడచిపోవలెను అను నాలుగు మాటలు ఇంటిలోని ఆడవారికి, బడిపిల్లలకు నేర్పవలెను. తడి గ్యాసులోని ద్రవముల ఆవిరి నేలబారున ప్రాకునని కూడ వారికి తెలిసియుండవలెను.

వీనికి కోట్లు ఖర్చు కావు. ఒక రిజిస్టరు, ఒక బాధ్యత గల గుమాస్తా చాలును. గ్యాసు వలదని నేననను. దానివలన ఎరువులు, విద్యుత్తు, మన వంట అన్నియు జరుగుచున్నవి. బల్లలు, సైకిళ్ళు కూడ ఇచ్చుచునే యుందురు గాక. అంతకుముందు, అడిగిన ప్రశ్నకు వ్రాతమూలకముగా జవాబు ఇత్తురు గాక. ఊరివారు కోరునది అదియే.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా.