మీటరు ఎవరికి చూపిస్తున్నారు?

ఈమధ్య ఏ బట్టల కంపెనీ ప్రకటన చూసినా ఒక పచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. సుస్థిరత అంటారు, డేటా అంటారు. నీళ్ళు ఎంత వాడామో, కరెంటు ఎంత ఖర్చయిందో కంప్యూటరు క్షణక్షణం లెక్క కడుతుందంటారు. మంచిదే. కానీ ఆ లెక్క ఎవరికి చూపిస్తున్నారు? నా కోపమంతా ఇక్కడే.

తిరుప్పూరునే తీసుకుందాం. వెళ్ళియంగిరి కొండల్లో పుట్టిన నొయ్యల్ నది ఆ ఊరి మీదుగా పోయి కావేరిలో కలుస్తుంది. బనియన్ గుడ్డకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలి, అదీ చాలా ఉప్పు. ఆ ఉప్పునీళ్ళు, రంగునీళ్ళు ఏళ్ళ తరబడి నదిలోకే వదిలారు. సాగు కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట చివరికి ఆ మురికిని నిలవచేసే తొట్టి అయింది. సాగుకు కట్టిన ఆనకట్ట నీళ్ళంటేనే రైతులు భయపడాల్సి వచ్చిందంటే ఇంకేం చెప్పాలి! వాళ్ళు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం కార్ఖానాలను, అంటే ఇక్కడ మనం సాయపట్టరై అంటామే వాటిని, మూసేయమంది. వందల కార్ఖానాలు మూతపడ్డాయి.

చుక్క మురికినీరు కూడా బయటికి పోకూడదన్నది నియమం. నీటిని సన్నని పొరల గుండా ఒత్తిడితో వడగట్టి మళ్ళీ వాడతారు. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఇగర్చి ఉప్పు తీస్తారు. ఇది నిజంగా గొప్ప పని, నేను వెక్కిరించడం లేదు. కానీ ఇగర్చడానికి కట్టెలు, కరెంటు బోలెడు కావాలి. నీటి పద్దు బాగుపడితే పొగ పద్దు పెరుగుతుంది. ప్రకటనలో మొదటిదే పెద్దక్షరాల్లో ఉంటుంది.

ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలు మీటర్లు పెట్టి అంకెలను ఆన్‌లైన్‌లో పంపాలని 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. అయితే మీటరు కొనేది కార్ఖానా, దాన్ని చూసుకునేదీ కార్ఖానాయే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే మా క్లాసులో అందరికీ నూటికి నూరే! 2022-23 నుంచి షేర్ మార్కెట్లో ఉన్న మొదటి 1000 పెద్ద కంపెనీలు పర్యావరణ లెక్కలు చెప్పాలని సెబీ నియమం పెట్టింది. చిన్న సాయపట్టరైలు అందులోకి రానే రావు.

బనియన్ కంపెనీలో పనిచేసే మా మామయ్య ఈ మాటలు వింటే, "కంపెనీ మూస్తే అన్నం నువ్వు పెడతావా?" అంటాడు. మామయ్యా, మూసేయమని నేననడం లేదు. 2011లో మూసినప్పుడు పని పోయింది కూలీలకే కదా. నదిలో ఉప్పెంతో ముందునుంచీ జనానికి తెలిసి ఉంటే, విషయం తాళం వేసేదాకా వచ్చేదా?

అంకెలు విదేశీ కొనుగోలుదారుకు, ఆఫీసరుకు తెలిస్తే చాలదు. నొయ్యల్ వంతెన మీద ఒక బోర్డు పెట్టండి. ఆ రోజు నీటిలో కరిగిన ఉప్పులెన్నో, అంటే టీడీఎస్ ఎంతో, అరవంలో పెద్దగా రాయండి. తాగేనీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అది కూడా పక్కనే రాయండి, గొర్రెలు కాసే అవ్వకు కూడా తేడా తెలుస్తుంది.

టీడీఎస్ మీటరు పెన్ను అంత ఉంటుంది. మన స్కూలు కొనలేనంత ఖరీదేమీ కాదు. బోర్డు పెడితే, దాని కిందే నిలబడి మేం నీళ్ళు కొలుస్తాం. రెండు అంకెలూ కలవకపోతే అప్పుడు అడుగుతాం.