ఓటు ఫారం ఇచ్చారా అమ్మా?

ఓటు హక్కు అందరికీ ఉన్నట్టే. కానీ జాబితాలో పేరుంటేనే అది ఓటవుతుంది. ఈ పేరు దగ్గరే మన ఆడవాళ్లకు చిక్కు. పెళ్లయి ఊరు మారితే గ్యాసు, రేషను కార్డు, పిల్లల స్కూలు ముందు చూసుకుంటాం. ఓటు సంగతి పోలింగు నాడు గుర్తొస్తుంది!

ఈ అవస్థ అమెరికాలోనూ ఉంది. అందుకే అక్కడ 1993లో ఒక చట్టం చేశారు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులోనే ఓటరుగా నమోదు చేయాలన్నారు కాబట్టి దానికి ‘మోటార్ ఓటర్’ అని పేరొచ్చింది. మరి కారే లేని పేదరాలి మాటేమిటి? ఆమె వెళ్లేది ఆహార సాయం, పేదల వైద్య సాయం, గర్భిణులకూ చంటిపిల్లలకూ పోషకాహారం ఇచ్చే ఆఫీసులకు. ఆ ఆఫీసుల్లోనూ, వికలాంగులకు సేవలందించే ఆఫీసుల్లోనూ రాష్ట్రాలు ఓటరు నమోదు జరపాల్సిందే. ఆరు రాష్ట్రాలకు మాత్రం మినహాయింపు ఉంది.

సాయానికి దరఖాస్తు పెట్టినా, రెన్యువల్‌కు వచ్చినా, చిరునామా మార్చుకున్నా ఓటరు ఫారం చేతికివ్వాలి. నింపడం రాకపోతే సాయపడాలి. నింపిన ఫారాన్ని 10 రోజుల్లోపు, నమోదు గడువు ముంచుకొస్తే 5 రోజుల్లోపు ఎన్నికల అధికారికి పంపాలి. ఫలానా పార్టీ అయితే మంచిదని సిబ్బంది నోరు జారకూడదు. ఓటు వద్దన్నా రావాల్సిన సాయం ఆగదు. వద్దన్న సంగతి బయటపెట్టకూడదు. లైబ్రరీలు, స్కూళ్లు, పెళ్లి లైసెన్సు ఇచ్చే ఆఫీసులు... వీటిలో వేటిని అదనంగా చేర్చుకోవాలో రాష్ట్రాలే నిర్ణయించుకోవచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ఫారాలు ఇవ్వడమే మానేస్తే? చట్టాన్ని పాటించమని 2008లో మిస్సోరీ రాష్ట్ర సంక్షేమ శాఖకు కోర్టు చెప్పాల్సి వచ్చింది. గుమస్తా అడగని ఒక్క ప్రశ్న ఒక పేదరాలి ఓటును మింగేస్తుంది.

అక్కడున్న మన అమ్మాయిలకో మాట. ఆ ఓటు పౌరసత్వం వచ్చినవాళ్లకే. వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు కౌంటర్లో ఇచ్చారు కదా అని సంతకం పెట్టకండి. పౌరులమని తప్పు చెప్పినట్టయితే దేశం విడిచి రావాల్సిన పరిస్థితీ రావచ్చు.

మరి మన దగ్గర? కొత్త ఓటుకు ఆరో నంబరు ఫారం, ఇల్లు మారితే ఎనిమిదో నంబరు ఫారం ఉన్నాయి. 18 ఏళ్లు నిండినవాళ్లకు ఏడాదికి ఒకటి కాదు, నాలుగు అర్హత తేదీలు పెట్టారు. అయినా మనమే గుర్తుపెట్టుకుని, మనమే వెతుక్కుని వెళ్లాలి. పెళ్లి రిజిస్టరు చేసే ఆఫీసులోనే ‘అమ్మా, మీ ఓటు కొత్త ఊరికి మార్చమంటారా?’ అని అడిగి ఆ ఫారం చేతికిస్తే సర్కారు సొమ్మేం పోతుంది? వాళ్లు అడిగేదాకా మనమే అడుగుదాం. ఇంటికొచ్చిన కొత్త కోడలి ఓటు ఎక్కడుందో ఈ వారమే కనుక్కోండి.