పొలంలో సెన్సార్లు: చేరని కొలతకూ లెక్క ఉండాలి

నేల తేమనూ, ఆకు తడినీ పొలంలోనే కొలిచి, తీగలు లేకుండా కేంద్రానికి చేరవేసే వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్‌లపై వ్యవసాయ పరిశోధనలో ఆసక్తి పెరుగుతున్నది. అయితే సెన్సార్ ఎంత కచ్చితంగా కొలిచిందన్న చర్చ జరిగినంతగా, పంపిన కొలతలలో ఎన్ని చేరాయి, ఎంత ఆలస్యంగా చేరాయి అన్న చర్చ జరగడం లేదు. నీరు పెట్టాలా, మందు చల్లాలా అన్న రైతు నిర్ణయం ఆ కొలతపైనే ఆధారపడినప్పుడు ఇది చిన్న లోపం కాదు.

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక ప్రయోగం ఈ సందర్భంలో తెలుసుకోదగినది. బంగాళాదుంప పైరులో ఫైటోఫ్తోరా తెగులుకు అనుకూలించే సూక్ష్మ వాతావరణాన్ని గమనించి, మందుల పిచికారీని తగ్గించాలన్న ఉద్దేశంతో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు సుమారు వంద నోడ్‌లను పొలంలో అమర్చారు. ఆశించిన సమాచారంలో చివరకు చేతికందినది 2 శాతమే. లోపం సెన్సార్లలో లేదు. విడివిడిగా సరిగా నడిచిన సాఫ్ట్‌వేర్ భాగాలు పొలంలో ఒకదానితో ఒకటి పొసగలేదు; బ్యాటరీలు అంచనా కన్నా చాలా ముందే ఖాళీ అయ్యాయి. ఆ వైఫల్యాన్ని వారు దాచలేదు, 2006లో ప్రచురించారు. విజయగాథలు చెప్పే అనేక వ్యాసాల కన్నా అదే తరువాతివారికి ఎక్కువగా ఉపకరించిందనడం అతిశయోక్తి కాదు.

వేసవిలో దున్నిన ఖాళీ చేనులో రేడియో దూరాన్ని పరీక్షించి, దానితోనే నోడ్‌ల మధ్య ఎడాన్ని నిర్ణయించడం సరికాదు. మొక్కజొన్న నిలువెత్తు ఎదిగాక, నీటితో నిండిన ఆకులూ కాండాలూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను గణనీయంగా పీల్చుకుంటాయి. మే నెలలో కలిసిన నోడ్‌లు సెప్టెంబరులో కలవకపోవచ్చు. లైసెన్సు అక్కరలేని 865 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు ఈ నష్టాన్ని తగ్గిస్తాయే గాని తొలగించవు. సౌరఫలకం పరిమాణాన్ని కూడా మార్చి ఎండను బట్టి కాక, ముసురు పట్టిన శ్రావణాన్ని బట్టి లెక్కకట్టాలి. ఇక నల్లరేగడి నేలలలో మరొక చిక్కు ఉన్నది. నేల ఎండి నెర్రెలిచ్చినప్పుడు మట్టికీ సెన్సార్‌కూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది; నోడ్ క్రమం తప్పకుండా తప్పుడు విలువను పంపుతూనే ఉంటుంది.

2012 నాటి ఐఈఈఈ 802.15.4ఈ ప్రమాణంలోని ఒక పద్ధతిలో ప్రతి నోడ్‌కూ సందేశం పంపవలసిన వేళ ముందే నిర్ణయమై ఉంటుంది, ఛానల్ మారుతూ ఉంటుంది. అందువల్ల బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందో, కొలత ఎంతసేపట్లో చేరుతుందో ముందుగానే అంచనా వేయవచ్చు. నేల తేమను నిమిషానికొకసారి కొలవడం ఆర్భాటమే. సాధారణ సాగులో గంటకొకసారి చాలు. ఆదా అయిన శక్తిని, చేరని సందేశాన్ని మళ్ళీ పంపడానికి వినియోగించుకోవచ్చు.

ఎంత జాగ్రత్త పడినా కొన్ని కొలతలు రావు. అప్పుడు పాత విలువనే చూపే తెర, ఏమీ చూపని తెర కన్నా ప్రమాదకరం. డ్రిప్ వాల్వు తెరిచి ఉండగా కొలత ఆగిపోతే, అది నిర్ణీత వ్యవధి తరువాత తనంతట తానే మూసుకోవాలి. రైతు ఫోనుకు ఆ సంగతి తెలియజేయాలి. విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో నోడ్‌ల వారీగా, పైరు దశల వారీగా చేరిన కొలతల శాతాన్ని పట్టికలో చూపాలి. మధ్యలో ఆగిన నోడ్‌ను పట్టిక నుండి తొలగించక, అది ఏ తేదీన, ఏ కారణాన ఆగిందో రాయాలి.