ముట్లుడిగి ఎన్నేళ్లయింది? హార్మోను మాత్ర అడిగే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఈ పోస్టు కొంచెం పెద్దది. ఆడవాళ్ల విషయమని మగవాళ్లు దాటెయ్యకండి, మీతో పనుంది.

2025 నవంబరులో అమెరికా వార్త ఒకటి వచ్చింది కదా, ముట్లుడిగిన ఆడవాళ్లు వాడే హార్మోను మందుల డబ్బా మీద హెచ్చరిక తీసేస్తున్నారని. అది మన గ్రూపులోకి వచ్చేసరికి "ఇక ఎవరైనా వాడొచ్చు, గుండెకీ మంచిది, మతిమరుపూ రాదు" అని మారిపోయింది. అప్పట్నుంచి గోపాలపూర్ నుంచి, బరంపురం నుంచి, ఇచ్ఛాపురం నుంచి కూడా ఫోన్లు. చేసినవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: "నాకు ఆగిపోయి పదిహేనేళ్లయింది. ఇప్పుడు మొదలెడితే తప్పా?"

నేను రిటైరైన నర్సుని, డాక్టర్ని కాను. ఇన్నేళ్లు వార్డులో చూసినది, ఈ విషయం మీద చదివినది కలిపి నా అభిప్రాయం చెప్తున్నాను. ఆ వయసులో, అన్నేళ్ల తర్వాత, గుండె కోసమో మతిమరుపు కోసమో మాత్ర మొదలుపెట్టడం వద్దు. కానీ మన ఆడవాళ్ల విషయంలో ఆ "వద్దు" దగ్గరే మాట ఆపేస్తే అన్యాయం. ఎందుకో చెప్తాను.

ముందు వార్త సంగతి. 2025 నవంబర్ 10న అమెరికా మందుల నియంత్రణ సంస్థ గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు జబ్బుల గురించి డబ్బా మీద ఉన్న పెద్ద హెచ్చరికను తీయిస్తామని ప్రకటించింది నిజమే. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే మింగితే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే ప్రమాదముందన్న హెచ్చరికను మాత్రం ఉంచారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఒళ్లంతటికీ పనిచేసే హార్మోను మొదలుపెట్టేవాళ్లు ముట్లుడిగిన పదేళ్లలోపు, లేదా అరవై ఏళ్లలోపు మొదలుపెట్టాలని. ఫార్వర్డులో ఈ వాక్యం రాలేదు. మనవాళ్లకు కావలసింది ఈ వాక్యమే.

పదేళ్ల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, దాని వెనక మా నర్సుల కథ ఒకటుంది. 1976లో అమెరికాలో లక్షా ఇరవై వేలమందికి పైగా నర్సుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. వాళ్లలో హార్మోను వాడినవాళ్లకు గుండె జబ్బు తక్కువగా కనిపించింది. అయితే ఇది గుండెకు మందే అనుకున్నారు. 1998లో అప్పటికే గుండె జబ్బున్న ఆడవాళ్లకు ఇచ్చి చూశారు. వాళ్ల సగటు వయసు 67. మేలు లేకపోగా మొదటి ఏడాది గుండెపోట్లు పెరిగాయి. 2002లో ఇంకా పెద్ద పరీక్ష, 16,608 మందితో చేస్తున్నది, మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో రొమ్ము క్యాన్సర్ 30 నుంచి 38కి, పక్షవాతం 21 నుంచి 29కి పెరిగాయి. తుంటి ఎముక విరగడం మాత్రం 15 నుంచి 10కి తగ్గింది.

పేపర్లు హోరెత్తిపోయాయి. ప్రపంచమంతటా ఆడవాళ్లు మాత్రలు పారేశారు, డాక్టర్లు రాయడం మానేశారు. ఆ పరీక్షలో చేరినవాళ్ల సగటు వయసు 63 అన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. యాభైల్లో ఉన్నవాళ్లు మూడో వంతే. ఆ నర్సులేమో ఎక్కువగా ముట్లుడిగే రోజుల్లోనే, ఆవిర్లు వచ్చినప్పుడే మొదలుపెట్టినవాళ్లు. మందు ఒకటే గానీ మొదలుపెట్టిన వేళ వేరు. 2016లో లాస్ ఏంజిల్స్ డాక్టర్లు ఇదే చూడాలని 643 మందిని రెండు జట్లుగా తీసుకున్నారు, ఆగి ఆరేళ్లు దాటనివాళ్లు ఒక జట్టు, పదేళ్లు దాటినవాళ్లు ఒక జట్టు. మెడ రక్తనాళం గోడ మందమెక్కడం మొదటి జట్టులో నెమ్మదించింది. రెండో జట్టుకు హార్మోను ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా లేదు.

కారణం ఇలా చెప్తారు. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం రక్తనాళం మెత్తగా ఉంటుంది. అది లేకుండా పదిహేనేళ్లు గడిస్తే నాళాల్లో కొవ్వు గార పట్టేస్తుంది. అప్పుడు ఒక్కసారిగా మాత్ర వేస్తే ఆ గార కదలవచ్చు, రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. మన వైపు అరవై దాటిన ఎంతమందికి బీపీ, షుగరు ఉన్నాయో మెడికల్ క్యాంపు రిజిస్టరు చూసిన మీకే తెలుసు. మతిమరుపు సంగతీ అంతే. 65 దాటిన 4,532 మందితో చేసిన పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో మతిమరుపు జబ్బు రెట్టింపైంది. 2003లో బయటపెట్టారు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి ప్రేమగా పంపే మాత్రకు ఇది తెలియదు.

ఒక మాట, యాభైలో మొదలుపెట్టి ఇప్పుడు అరవైరెండులో ఉండి ఇంకా వాడుతున్నవాళ్లు ఇది చదివి కంగారుపడి మానెయ్యకండి. కొనసాగించడం వేరు, కొత్తగా మొదలుపెట్టడం వేరు. డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి.

సరే, వద్దన్నాక మరి బాధకు దారి? ఫోన్ చేసినవాళ్లను కాసేపు మాట్లాడనిస్తే అసలు బాధ బయటికొస్తుంది, గుండె గురించి కాదు. "మూత్రం మంట తగ్గడం లేదమ్మా." "దగ్గితే చీర తడిసిపోతోంది." ఇంకా గొంతు తగ్గించి, "ఆయన దగ్గరకొస్తే కత్తితో కోసినట్టుంటుంది." ఏడాదికి నాలుగుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడి విసిగిపోయినవాళ్లున్నారు. ఈస్ట్రోజెన్ లేక ఆ చోట చర్మం పలచబడి ఎండిపోవడం దీనికి పెద్ద కారణం. దీనికి ఒళ్లంతా పాకే మాత్ర అక్కర్లేదు. అక్కడే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. మొదట రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. పదేళ్ల లెక్క దీనికి వర్తించదు, డెబ్భైలో కూడా మొదలుపెట్టవచ్చు. మూత్రం ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం తమ క్యాన్సర్ డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనబడినా ముందు పరీక్ష చేయించుకోవాలి, క్రీము సంగతి తర్వాత.

ఎముకల కోసమే అయితే, అరవై దాటినవాళ్లకు వేరే మందులున్నాయి. వారానికొక మాత్ర, ఏడాదికొక సెలైను. ఎముక బలం చూసే డెక్సా స్కాన్ చేయించుకుని డాక్టరు రాసిందే వాడండి.

ఇప్పుడు నా అసలు బాధకొస్తాను. ఈ పదేళ్లలోపు, అరవైలోపు లెక్కంతా ముట్లు వాటంతట అవి ఆగినవాళ్లకు. మన ఆడవాళ్లలో ఎంతమందికి అలా ఆగాయి? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణలో 7.7. మనం ఒడిశాలో ఉన్నా ఆపరేషన్ల దగ్గరకొచ్చేసరికి చుట్టాలున్న శ్రీకాకుళం, విశాఖ వైపే రైలెక్కుతాం. "పిల్లలయ్యారు కదా, ఇక ఎందుకది, క్యాన్సర్ వస్తే?" అని భయపెట్టి ముప్పై అయిదుకే పెద్దాపరేషన్ చేసేస్తారు. తెల్లబట్టకి, నడుంనొప్పికి కూడా. 2023లో సుప్రీంకోర్టే, బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అక్కర్లేని ఆపరేషన్ల మీద వచ్చిన కేసులో, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

ఆ ఆపరేషనులో అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు రాత్రే ఈస్ట్రోజెన్ ఆగిపోయినట్టు. యాభైలో మెల్లగా జరగాల్సింది ముప్పై ఆరులో ఒక్క పూటలో జరుగుతుంది. ఇలాంటివాళ్లకు, వేరే అడ్డు లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను ఇవ్వాలని డాక్టర్ల సంఘాలన్నీ చెప్తున్నాయి. అది అందం కోసం కాదు. ఇవ్వకపోతే ఎముకలు, గుండె ముందే అరిగిపోతాయి. వాళ్లకు గర్భసంచి లేదు కనుక ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. అమెరికా పరీక్షలోనే గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తర్వాతి ఏళ్లలో తగ్గినట్టే తేలింది. ఈ మాట ఆపరేషనయ్యాక ఇంటికి పంపేటప్పుడు చెప్పించుకున్న మనిషిని మన చుట్టుపక్కల నేను ఒక్కరిని కూడా చూడలేదు. కుట్లు విప్పారు, బరువులు ఎత్తొద్దన్నారు, పంపేశారు.

అందుకే నలభై నాలుగేళ్ల చెల్లెలు "నాకు ఆపరేషనయి ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు ఆలస్యమేమో" అంటే, ఆలస్యమైందిగానీ మించిపోలేదు, ఈ నెలలోనే డాక్టర్ దగ్గరకెళ్లు అంటాను. ముప్పై అయిదులో అండాశయాలు తీసేసి ఇప్పుడు యాభైరెండున్నవాళ్లది చిక్కు లెక్క. వయసు చూస్తే అరవై లోపే, ఏళ్లు చూస్తే పదిహేడు. బీపీ, కొవ్వు, గుండె అన్నీ చూసి డాక్టరు తూచి చెప్పాల్సిందే. ఇస్తే మాత్ర కన్నా చర్మానికి రాసే జెల్లుతో రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువ, అది అడగండి. గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచితే ఇంకో తిరకాసు. నెలసరి ఎలాగూ రాదు కనుక ముట్లు ఎప్పుడు ఉడిగాయో ఆ మనిషికే తెలియదు. పైగా మన గోపాలపూర్ ఉక్కలో ఆవిర్లొచ్చినా సముద్రపు చెమ్మే అనుకుని ఊరుకుంటాం.

చాలామందికి అండాశయాలు ఉన్నాయో తీశారో కూడా తెలియదు. కాగితం ఇల్లు మారినప్పుడు పోయింది, తుఫానులో తడిసింది. ఫైలిన్ తర్వాత మన తీరంలో ఎన్ని ఇళ్ల కాగితాలు మిగిలాయి?

భాష సంగతి కూడా చెప్పాలి. ఒడ్డున చేపలమ్మే మన తెలుగు ఆడవాళ్లు ఒడియాలో బేరం గడగడా ఆడతారు. కానీ బరంపురం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ముందు కూర్చుని అక్కడ మంట, అక్కడ పొడి అని ఒడియాలో ఎలా చెప్పాలి? పక్కన దుబాసీగా కొడుకు నిలబడతాడు. కొడుకుతో ఆ మాట ఏ తల్లి చెప్తుంది? "నీరసం అంటోంది" అని అతనంటాడు, బలం మాత్రలు రాస్తారు, అయిపోయింది. అన్నదమ్ములూ, మీతో పని ఇక్కడే. మీ అమ్మనో భార్యనో తీసుకెళ్తే లోపలికి మీరు వెళ్లకండి. రెండు భాషలూ వచ్చిన ఆడమనిషిని పంపండి. మన సంఘంలో అలాంటి చదువుకున్న అమ్మాయిలు లేకపోలేదు.

"మా అమ్మమ్మకి ఏ హార్మోనూ లేదు, ఎనభై బతికింది" అని కింద కామెంటు రాబోతోందని తెలుసు. మీ అమ్మమ్మకి ముప్పై అయిదుకి అండాశయాలు తీశారా? లేదు కదా.

కమిటీవారికి నా విన్నపం ఒకటి. క్యాంపులో బీపీ, షుగరు చూసే బల్ల పక్కన ఇంకో బల్ల వెయ్యండి, తెర కట్టి. అక్కడ తెలుగు వచ్చిన ఆడమనిషి కూర్చుని నాలుగే అడగాలి. నెలసరి ఏ వయసులో ఆగింది, దానంతటదా ఆపరేషనుతోనా, అండాశయాలు తీశారా, మూత్రం దగ్గర బాధ ఉందా. జవాబులు తెలుగులో ఒకటి, ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఒకటి రెండు చీటీలు రాసి చేతికివ్వాలి, డాక్టరమ్మకి చూపించుకోడానికి. ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను. నాకు తోడు ఒడియా బాగా రాయగలిగిన ఇద్దరు కావాలి, పేర్లు కింద రాయండి. వచ్చే అక్కలు ఆపరేషన్ కాగితం ట్రంకుపెట్టె అడుగున ఉందేమో ఒకసారి వెతికి, ముక్క దొరికినా పట్టుకురండి.