ఒక చేయి, అయిదు బొంతలు

కార్తీకం వెళ్లి తెల్లవారుజామున కాస్త చలి తగలగానే మన యిళ్లలో ట్రంకుపెట్టెల మూతలు లేస్తాయి. దుప్పటి కోసం పెట్టె తెరిస్తే, దానితోపాటు పోయినేడు సగం కుట్టి ఆపిన బొంత ఒకటి, అంతకుముందేడు మొదలుపెట్టింది మరొకటి, అసలెప్పుడు మొదలుపెట్టామో గుర్తులేనిది యింకొకటి బయటపడతాయి. అది చూసి యింటాయన, "ఈ అతుకుల దుకాణం యెప్పుడు కట్టేస్తావు?" అని అడగకుండా వూరుకోరు. మనమూ జవాబు చెప్పకుండా పెట్టె మూసేస్తాం.

ఈ వారం నా ముందున్న వుత్తరాల్లో మూడు యీ సగం బొంతల గురించే. ఒకటి గుడివాడనుంచి, ఒకటి బందరునుంచి, మూడోది దివిసీమనుంచి. రాసిన ముగ్గురూ ఒకరినొకరు యెరగరు. అయినా అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇన్ని బొంతలు ఒక్కసారిగా పెట్టుకోవడం తప్పంటారా?"

తప్పు కాదు. ముందు ఆ దిగులు వదిలేయండి. జాకెట్టుకయితే గుడ్డ కొంటాం, కత్తిరిస్తాం, కుట్టేస్తాం. బొంతకు కావలసిన సరుకు బజారులో దొరకదు. సంక్రాంతికి ఒక పాతచీర దిగుతుంది. వేసవిలో పిల్లవాడి చొక్కా పొట్టిదవుతుంది. పెద్దాయన పంచె మధ్యలో చిరుగుతుంది. ఒకదానికి అడుగుపొర దొరికితే పైగుడ్డ దొరకదు, పైగుడ్డ వున్నదానికి లోపల వేయడానికి మెత్తని చీర వుండదు. అంచేత ఒకటి ఆగినప్పుడు మరొకటి సాగుతుంది. వెనుకటివాళ్ల బొంతలూ యిలాగే పెరిగాయి. చిక్కు వచ్చేది యెన్ని మొదలుపెట్టామన్న దాంట్లో కాదు, యేది యెవరికో, యెప్పటికో అనుకోకుండా మొదలుపెట్టడంలో. ఆ మూడు వుత్తరాలూ చూస్తే మీకే తెలుస్తుంది.

గుడివాడ సోదరికి పుష్యమాసంలో కూతురి పురుడు. చేతిలో అయిదు బొంతలు. పుట్టబోయే బిడ్డకు రెండు, అబ్బాయి మంచానికి ఒకటి, అత్తగారికి ఒకటి, "రంగులు బాగా కుదిరాయని" మొదలుపెట్టింది ఒకటి. "రోజుకొకటి తీస్తాను, యేదీ తెమలదు," అని రాశారు.

అమ్మా, ముందు ఒక కాగితం తీసుకుని అయిదింటికీ యెదురుగా మనిషి పేరు, కావలసిన నెల రాయండి. ఆ తరువాత గడియారం దగ్గర పెట్టుకుని ఒక్క వరస కుట్టి చూడండి. ఆరు గజాల చీరను గజం ముక్కలుగా కోస్తే ఆరు వస్తాయి. మూడు పొరల చొప్పున చంటిబిడ్డకు రెండు చిన్న బొంతలు. గజం పొడవు, నలభై అయిదంగుళాల పన్నా. అంగుళానికొక వరస చొప్పున 44 వరసలు. వరసకు ఆరు నిమిషాలు పట్టిందనుకుంటే 264 నిమిషాలు. రోజుకు అరగంట కూర్చుంటే తొమ్మిది రోజుల్లో ఒక చిన్న బొంత అయిపోతుంది.

పెద్ద బొంత లెక్క వేరు. రెండు చీరలు తీసుకుని, ఒక్కొక్కదాన్ని రెండేసి గజాల మూడు మడతలు వేసి, పక్కపక్కన కలిపితే రెండు గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పు వస్తుంది. అందులో 89 వరసలు. వరసకు పన్నెండు నిమిషాలయితే దాదాపు పద్దెనిమిది గంటల పని. అదే అరగంట చొప్పున 36 రోజులు. దుప్పటి వున్నమేరకే కాళ్లు చాచుకోమన్నారు పెద్దలు. పొద్దు వున్నమేరకే బొంత పరుచుకోవాలని మనం అనుకోవచ్చు. బిడ్డవి రెండూ ముందు ముగించండి. అత్తగారిది తరువాత. మీ వూళ్లో కూలికి బొంతలు కుట్టేవాళ్లుంటే అబ్బాయిది వాళ్లకిచ్చేయండి. పద్దెనిమిది గంటల పని అని యిప్పుడు మీకు తెలుసు కాబట్టి కూలి దగ్గర బేరం ఆడబుద్ధి కాదు.

చంటిబిడ్డ బొంతకు నూలు తప్ప మరొకటి పెట్టకండి. ఏది నూలో తేలకపోతే అంచునుంచి ఒక పోగు లాగి వెలిగించండి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. నైలాను, పాలియెస్టరు కరిగి గట్టి వుండ కడతాయి. అవి చెమట పీల్చవు. జరీ, చమ్కీ, బొత్తాలు కూడా వద్దు. బిడ్డ కింద బొంత పలచగా, ముడతలు లేకుండా పరిచి వుండాలి, ముఖంమీదికి రాకూడదు. కుట్టడానికి కూర్చున్నప్పుడు యెన్ని సూదులు తీశారో, లేచేటప్పుడు అన్నీ లెక్కపెట్టి పెట్టండి. ఈ ఒక్క నియమానికి మాత్రం సడలింపు లేదు.

ఇక బందరు వుత్తరం. ఆమె బంధువులు పెడనలో వున్నారు. అక్కడి కలంకారీ అద్దకపుగుడ్డల ముక్కలు సంచులకొద్దీ వస్తాయి. వాటితో మూడు బొంతలు మొదలుపెట్టారు. పూర్తయిన మొదటిదాన్ని వుతికితే పైన అతుకులు ముడుచుకుపోయాయి, అడుగున తెల్లచీర గులాబీరంగుకు తిరిగింది. "మిగతా రెండూ ముట్టుకోవాలంటే చేయి రావడం లేదు," అంటున్నారు.

ఇందులో మీ కుట్టు దోషం యేమీ లేదు. పాతచీర వందసార్లు నీళ్లలో పడింది. ముడుచుకోవలసినంతా యెప్పుడో ముడుచుకుంది. కొత్త ముక్క యింకా ముడుచుకోవలసి వుంది. రెంటినీ కలిపి కుడితే మొదటి వుతుకులో కొత్తది దగ్గరకు లాగుతుంది, పాతది కదలదు. అంచేత ముక్కలన్నిటినీ ముందుగానే ఒక రాత్రి నానబెట్టి, వుతికి, నీడన ఆరవేయండి. తడిగా వున్నప్పుడే తెల్లగుడ్డమీద రుద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్కను ముదురు రంగుల బొంతకు వేరుగా తీసిపెట్టండి.

పెడన పద్ధతిలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచుతారు. తుప్పుపట్టిన యినుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి నలుపు తీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, రాగిగాబులో రంగుతో మరిగిస్తారు. కొయ్య అచ్చు ఒక్కొక్కసారి వేస్తూ, మధ్యమధ్య పారే నీళ్లలో జాడిస్తారు. అన్ని నీళ్లు చూసిన గుడ్డ సామాన్యంగా రంగు వదలదు. కాని అదే పేరుతో రసాయనపు రంగుల అచ్చుగుడ్డ కూడా యిప్పుడు బజారులో వుంది. రెండూ ఒకే సంచిలో వచ్చి వుంటాయి. అందుకే ప్రతి ముక్కనూ విడిగా పరీక్షించమంటున్నాను.

మరొక మాట. తుప్పుకూ కరక్కాయకూ పొత్తు కుదిరితే నలుపు పుడుతుందని యిప్పుడే చెప్పుకున్నాం. సముద్రపు గాలి తగిలే వూరు మీది. సగం బొంతలో గుచ్చి వదిలేసిన సూది నెల తిరక్కుండా తుప్పు పడుతుంది. ఆ మచ్చ యిక పోదు. పని ఆపేటప్పుడు సూది బయటకు తీసి మూత గట్టిగా వున్న డబ్బాలో వేయండి.

ఆ ముక్కల్ని చులకనగా చూడకండి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో దిగింది యీ తీరపు గుడ్డకోసమే. మన అద్దకాల ధాటికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, 1701లోనూ తిరిగి 1721లోనూ ఇంగ్లండు వాటిని అడ్డుకుంటూ చట్టాలు చేశాయి. అక్కడి ఆడవాళ్లు చిరిగిన గుడ్డలోని ఒక్క పువ్వును కూడా పారేయకుండా కత్తిరించి పక్కగుడ్డలమీద కుట్టుకునేవారు. ఇంగ్లండులో లెవెన్స్ హాల్ అనే భవంతిలో మన దేశపు అద్దకపు ముక్కలతో కుట్టిన అతుకుల పక్కగుడ్డ యిప్పటికీ వుంది. సుమారు 1708 నాటిదని చెబుతారు.

అలాగని ప్రతి పేలికా దాచమని కాదు. బెత్తెడుకన్న చిన్న ముక్కల్ని మసిగుడ్డల్లోకి వేసేయండి. ముడుచుకుపోయిన ఆ బొంతను విప్పకండి. ఇంకొక పెద్ద బొంతకు లోపలిపొరగా వేస్తే ముడతలు పైకి కనబడవు. మిగిలిన రెంటిలో యేది యెవరికో పేర్లు పెట్టుకుని మొదటిదాన్ని యీ వారమే చేతిలోకి తీసుకోండి.

మూడో వుత్తరం దివిసీమది. ఇది చదివాక కాసేపు కాగితం పక్కన పెట్టవలసివచ్చింది.

రాసినామెకు 1977 నవంబరు 19 నాటికి ఆరేళ్లు. ఆనాటి ఉప్పెన సంగతి పెద్దవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ప్రభుత్వం లెక్కలోనే సుమారు 10,000 మంది పోయారు. దివిసీమ వూళ్లకు వూళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అంతకు నూటపదమూడేళ్ల ముందు, 1864 నవంబరు 1న, యిదే సముద్రం బందరుమీదికి వచ్చి సుమారు 30,000 మందిని తీసుకుపోయింది.

ఆమె రాసిన ఒక మాట యిది: "తరువాత మాకు గుడ్డలు యిచ్చారు. అన్నీ కొత్తవే. అమ్మకు బొంత కుట్టడానికి పాతచీర ఒక్కటి లేదు. ఇంట్లో మళ్లీ పాతచీర అనేది తయారవడానికి చాలా యేళ్లు పట్టింది."

మనం యెప్పుడైనా యిలా ఆలోచించామా? బొంత అంటే లేనివాళ్ల పక్క అనుకుంటాం. కాని బొంత కుట్టాలంటే యింట్లో పాతగుడ్డ వుండాలి. గుడ్డ పాతబడాలంటే ఆ యిల్లు కొన్నేళ్లపాటు చెక్కు చెదరకుండా నిలవాలి. పెట్టెలో చిరుగుచీరలు వున్నాయంటే మన యింట్లో కాలం సాఫీగా నడిచిందన్నమాట.

ఆ తల్లి అప్పటినుంచి యే పేలికనూ పారేయలేదట. మనుమలందరికీ ఒక్కొక్క బొంత మొదలుపెట్టింది. ఏ బిడ్డది ఆ బిడ్డ చొక్కా ముక్కతో, గౌను ముక్కతో. పోయిన సంవత్సరం ఆమె కన్నుమూసేనాటికి నాలుగు సగంలో వున్నాయి. "నేను పూర్తిచేయనా? నా కుట్టు అమ్మ కుట్టులా వుండదు. చివరి రోజుల్లో అమ్మకు చూపు ఆనక వరసలు వంకరపోయాయి. విప్పి సరిచేయనా, అలాగే దాచనా?" అని అడుగుతున్నారు.

విప్పకండమ్మా. ఆ వంకర వరసల్లో ఒక్క పోగు కూడా కదపకండి. దాచనూ వద్దు. గాలి, యెండ తగలని పెట్టెలో, ఆ వుప్పుగాలి చెమ్మకు, మడత పడిన చోటల్లా గుడ్డ జీర్ణిస్తుంది. వాడుతూ, యెండవేస్తూ వుంటేనే బొంత బతుకుతుంది. అమ్మగారు ఆపిన చోటనుంచి మీరు వేరే రంగు దారంతో మొదలుపెట్టండి. ఆవిడ కుట్టు ఆవిడదిగా, మీది మీదిగా కనబడనివ్వండి. దారం నూలుదే తీసుకోండి. మరీ గట్టిదారం పాతగుడ్డను కోస్తుంది. బెంగాలులో కాంతా కుట్టే ఆడవాళ్లు పాతచీర అంచుల్లోంచే రంగు పోగులు లాగి కుట్టేవారు. అమ్మగారి చీర అంచు మిగిలి వుంటే మీరూ అలా చేయవచ్చు.

నాలుగూ ఒకేసారి ముందు వేసుకోకండి. ముక్కలు చూసి యేది యే బిడ్డదో ముందు గుర్తుపట్టండి. మీకు తెలియకపోతే ఆ పిల్లల్నే పిలిచి చూపించండి. తమ చిన్ననాటి గౌను ముక్కను గుర్తుపట్టే పిల్ల యెక్కడైనా వుంటుంది. దూరాన వున్నవాళ్లకు ఫోటో తీసి పంపండి. ఎవరికి ముందు పెళ్లో, యెవరు ముందు దూరం వెళుతున్నారో వాళ్లది ముందు. మిగిలిన మూడూ మూడు సంచుల్లో వుంటాయి. వాటిని చూసి దిగులుపడకండి. అమ్మగారు కూడా నాలుగూ కలిపే నడిపారు కదా!

చివరగా, అందరికీ పనికివచ్చే నాలుగు మాటలు. ఒక్కొక్క బొంతకు ఒక్కొక్క గుడ్డసంచి పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది. సంచిలో బొంతతోపాటు దాని ముక్కలు, దాని దారం, ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు. సంచికి బయట ఒక గుడ్డపేలిక కుట్టి దానిమీద మనిషి పేరు, నెల రాయండి. ఆపేముందు తరువాతి వరసకు టాకాలు వేసి వుంచితే, మళ్లీ తీసినప్పుడు యెక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కోనక్కరలేదు. ఒకటి ముగిసేదాకా కొత్తది మొదలుపెట్టకూడదని వొట్టు పెట్టుకోకండి, అది నిలవదు. చేతిలో వున్నవాటిలో యేదో ఒకటి యేటా సంక్రాంతిలోగా ఒక మనిషి కప్పుకునేలా చేస్తానని మాత్రం అనుకోండి.

ఎంత ఆలోచించినా యే పేరూ తట్టని బొంత ఒకటి ప్రతి పెట్టెలోనూ వుంటుంది. గుడివాడ సోదరి రంగులు కుదిరాయని మొదలుపెట్టిన అయిదోది అలాంటిదే. దాన్ని కూడా పూర్తిచేసి మడతపెట్టి వుంచండి, అమ్మా. మన వైపు తుఫాను రాని సంవత్సరాలు తక్కువ. దాని పేరుగల మనిషి యేదో ఒక రాత్రి తడిసి మన గడపలోకి వస్తారు.