చచ్చినోడు మళ్ళా ఎట్ల లేచినాడు?

పోయినవారం చెబుతానన్న ఎండుమిరపకాయల పచ్చడి సంగతి వచ్చేవారానికి వాయిదా వేస్తున్నాను, సోదరీమణులు కోపగించుకోకూడదు. ఈ వారం ఒక సినిమా గురించి రాయాల్సి వచ్చింది.

శ్రావణమాసంలో ఆళ్ళగడ్డలో మా వదినగారింటికి వెళ్ళాను. వ్రతానికి ముందురోజు ఓళిగలకు పూర్ణం ఉండలు చుడుతూ నలుగురం ఆడవాళ్ళం నడవాలో కూచున్నాం. ఇంటరు చదివే మేనల్లుడు టీవీలో ఇంగ్లీషు సినిమా ఒకటి పెట్టుకున్నాడు. అంతా నలుపూ తెలుపూ. "పాత సినిమా గాబోలు" అని వదినావాళ్ళ అత్తగారు అనుకుంటుండగానే, తెర మీద ఒకామె గౌను ఎర్రగా మెరిసింది. ఇంక చూడండి, చేతిలో ఉండలు చేతిలోనే ఉండిపోయాయి.

ఆ సినిమా పేరు 'సిన్ సిటీ'. 2005లో వచ్చింది. నంద్యాలలో మావాడి పోరు పడలేక నేను అంతకుముందే చూసి ఉన్నాను కాబట్టి ప్రశ్నలన్నీ నా మీదికే వచ్చాయి. మా పక్కింటావిడ కూడా ఇవే అడిగింది. అంటే చూసినవాళ్ళందరికీ వచ్చే సందేహాలే అన్నమాట.

"కొత్త సినిమా అయితే రంగులేల లేవు?" అన్నది మొదటిది. ఇది బొమ్మల పుస్తకాల్లోంచి తీసిన కథ. ఫ్రాంక్ మిల్లర్ అనే ఆయన 1991 నుంచి సిరాతో, నలుపు తెలుపుల్లో గీసిన బొమ్మల కథలివి. దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ ఆ బొమ్మ ఎలా ఉందో తెర మీదా అలాగే ఉండాలని పట్టుపట్టాడు. బొమ్మ గీసిన మిల్లర్‌ని కూడా దర్శకుడిగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అందుకు అక్కడి దర్శకుల సంఘం ఒప్పుకోకపోతే, సంఘానికే రాజీనామా ఇచ్చి వచ్చాడు. మన బాపుగారు కూడా ముందు బొమ్మ గీసుకుని ఆ తర్వాతే షాట్ తీసేవారు కదా. ఆళ్ళగడ్డ శిల్పులను చూడండి, రాయి మీద ముందు గీత గీసుకోకుండా ఉలి పెడతారా?

ఇలాంటి చీకటి నేరకథల సినిమాలను 'నువార్' అంటారు. ఫ్రెంచిలో నలుపు అని అర్థం. 1940లలో అమెరికాలో వచ్చిన నేరాల సినిమాలు చూసి, 1946లో ఫ్రెంచి విమర్శకులు పెట్టిన పేరు. సగం మొహం వెలుగులో, సగం నీడలో ఉంటుంది. మంచివాడు కూడా పూర్తిగా మంచివాడు కాడు.

ఊళ్ళూ వీధులూ అన్నీ కంప్యూటరులో కల్పించినవే. నటులు పచ్చతెర ముందు నిలబడి నటించారంతే. పసుపు రంగు దుర్మార్గుడు ఒకడున్నాడు చూశారా, ఆ నటుడికి నిజానికి పూసింది నీలం రంగు, తర్వాత దాన్ని పసుపుగా మార్చారు. "శుభమా అని పసుపు, ఆ దరిద్రుడికా!" అని అత్తగారు మెటికలు విరిచింది.

అసలు ప్రశ్న వదినది. "మొదట్లో కాల్చేసినారు గదా ఆ ముసలి పోలీసును, ఇప్పుడు ఆస్పత్రిలో లేచి కూచున్నాడే, చచ్చినోడు మళ్ళా ఎట్ల లేచినాడు?" చావలేదు వదినా. ఇందులో కథలు మూడు నాలుగు ఉన్నాయి, వాటిని వరసగా చెప్పరు. హార్టిగన్ అనే ఆ పోలీసు కథ మొదట సగం చెప్పి ఆపేస్తారు. మధ్యలో వేరేవాళ్ళ కథలు రెండు నడుస్తాయి. గంట దాటాక మిగతా సగం. పదకొండేళ్ళ పిల్లగా చూసిన నాన్సీ, మధ్య కథలో పెద్దదై డాన్సు చేస్తూ కనిపించేది అందుకే. మా నాయనమ్మ కథ చెబుతూ పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళి, వచ్చి ఇంకో కథ మొదలుపెట్టేది, అట్లా అనుకోండి.

ఆ హార్టిగన్ కథ దగ్గర మాత్రం నాకు చెయ్యి ఆగిపోయింది. ఉద్యోగం వదిలే రోజున ఒక సెనేటరు కొడుకు చెర నుంచి ఆ పిల్లను కాపాడతాడు. తీరా నేరం ఆయన మీదే మోపుతారు. 'ఈయన నన్ను కాపాడాడు' అని పిల్ల చెబుతూనే ఉంటుంది. ఎవరూ వినరు, కన్నవాళ్ళతో సహా. ఎనిమిదేళ్ళు జైల్లో ఉంటాడు. పిల్ల మారుపేరుతో వారం వారం ఉత్తరం రాస్తుంది. ఒకనాటితో ఉత్తరాలు ఆగిపోతాయి, కవరులో ఒక తెగిన వేలు వస్తుంది. ఆ పిల్లదే అనుకుని, చేయని నేరం ఒప్పుకుని బయటపడి ఆమె దగ్గరికి పరుగెత్తుతాడు. ఆమె క్షేమంగానే ఉంటుంది! వెనకాలే వచ్చిన శత్రువుకు దారి చూపింది తనే.

"చివరికి తన్ను తానే ఎందుకు కాల్చుకున్నాడు?" అని అందరూ అడుగుతారు. సెనేటరు కొడుకును చంపాడు, తను బతికుంటే పగవాళ్ళు తనకోసం నాన్సీని పట్టుకుంటారని ఆయన లెక్క. నాకా లెక్క నచ్చలేదు. అత్తగారు ఒక్క మాటే అంది. "పిల్లను కాచినోడు కడదాకా కాయాల. సస్తే ఎవరు కాస్తారు?"

ఇందులో ఆడవాళ్ళను చూపిన తీరు కూడా నాకు రుచించలేదు. చాలామంది ఒళ్ళు అమ్ముకునేవాళ్ళు, లేదా డాన్సులాడేవాళ్ళు. తలలు నరకడం, మనుషులను తినడం కూడా ఉన్నాయి. అమెరికాలోనే 17 ఏళ్ళు నిండనివాళ్ళు పెద్దలు తోడు లేకుండా చూడకూడదని ముద్ర వేశారు. మేనల్లుడిని ఆపెయ్యమంటే, "అత్తా, నేను బొమ్మలు గీయడం నేర్చుకుందామని చూస్తున్నా" అన్నాడు. ఏమనాలో తోచలేదు. వాడి పక్కనే కూచుని మిగతాది చూశాను.

ఆఖరి సన్నివేశంలో బెకీ అనే అమ్మాయి ఆస్పత్రిలో అమ్మతో ఫోనులో మాట్లాడుతూ లిఫ్టులోకి వస్తుంది. అంతకుముందు తన అమ్మను చంపుతామని బెదిరించినందుకు తోటివాళ్ళకు ద్రోహం చేసిన పిల్ల. లిఫ్టులో మనిషి ఒకడు సిగరెట్టు అందిస్తాడు, సినిమా మొదట్లో ఎర్రగౌను ఆమెను చంపినవాడే. తర్వాత ఏమవుతుందో చూపరు. 'ఆమె చచ్చిందా?' అంటే, నేను చచ్చిందనే అనుకుంటున్నాను.

వదిన ఏమీ అడగలేదు. కూతురు తిరుపతి హాస్టల్లో ఉంది. పోయిన నెల ఆ పిల్ల వార్డెను మీద ఏదో చెప్పబోతే, "సర్దుకుపో" అని ఫోను పెట్టేసిందట. నాకు ఆ రాత్రే చెప్పింది. చేతికున్న పిండి తుడుచుకుని మళ్ళీ ఫోను చేసింది. చాలాసేపు వింటూ కూచుంది, మధ్యలో "ఊఁ, ఊఁ" అనడమే. పెట్టేశాక, "రేపు పండగ కానిచ్చి ఎల్లుండి పొద్దున బస్సుకు తిరుపతి పోతా, నువ్వు కూడా రా" అంది.